వంటింట్లో వోడ్కా సీసా

పోయినేడాది డిసెంబరులో అమ్మ సిడ్నీ వచ్చింది. వచ్చిన మూడో రోజు పొద్దున్నే వంటింట్లోంచి కేకేసింది. "ఏందబ్బయా ఇది, వంటింట్లో పెట్టినావే?"

వెళ్ళి చూస్తే చేతిలో వోడ్కా సీసా. అది తాగడానికి కొన్నది కాదు. వెనిలా కాయల్ని నిలువుగా చీల్చి వోడ్కాలో వేసి, చీకటి అల్మరాలో ఆర్నెల్లు వదిలేస్తే మంచి వెనిలా ఎసెన్స్ తయారవుతుంది. మా అమ్మాయి పుట్టినరోజు జూన్‌లో. ఈసారి కేకులోకి ఎసెన్స్ మనమే చేద్దామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. అదే చెప్పాను.

"సారానే గదా?" అంది అమ్మ.

"సారా కాదమ్మా, వోడ్కా."

"రెంటికీ తేడా ఏంది?"

ఇంజనీరింగ్ చదివి, పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. అమ్మ ఇంకేం మాట్లాడకుండా సీసా పట్టుకెళ్ళి గరాజ్‌లో, కారు టైర్ల పక్కనున్న అరలో పెట్టి వచ్చి చేతులు కడుక్కుంది. తేడా ఏమిటో తెలుసుకుందామని అప్పుడు మొదలుపెట్టిన చదువు మూడు నెలలు సాగింది. అందులోంచి కొంత ఇక్కడ రాస్తున్నాను.

రసాయనశాస్త్రం ప్రకారం చూస్తే అమ్మ మాటే నిజం. పిండిపదార్థమో, చక్కెరో పులిస్తే ఆల్కహాలు పుడుతుంది. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పట్టి చల్లార్చడమే బట్టీ పెట్టడం. మన ఊళ్ళలో బెల్లం ఊటతో కాచినా, అడవిలో ఇప్పపువ్వుతో కాచినా, రష్యాలో రై గింజలతో కాచినా, పోలండ్‌లో బంగాళాదుంపలతో కాచినా చేసే పని ఒకటే. వోడ్కాని మళ్ళీ మళ్ళీ బట్టీ పట్టి, బొగ్గు గుండా వడగట్టి, రంగూ వాసనా వీలైనంత తీసేస్తారు. బొగ్గు మలినాల్ని పట్టేస్తుందని 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ అనే రసాయనవేత్త కనుక్కున్నాడు. ఆ తర్వాత ఈ పద్ధతి సారాయి బట్టీలకి చేరింది.

పేర్లు చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. రష్యన్ భాషలో 'వోదా' అంటే నీళ్ళు. వోడ్కా అంటే ముద్దుగా 'చిట్టి నీళ్ళు' అన్నట్టు. లాటిన్‌లో దీన్ని 'జీవజలం' అన్నారు. విస్కీ అనే మాటకి మూలమైన గేలిక్ పేరుకీ అదే అర్థం. మన ఆబ్కారీ శాఖ పేరులో ఉన్న పారసీ 'ఆబ్' కూడా నీళ్ళే. మనవాళ్ళేం తక్కువ తినలేదు, తాగి వచ్చినవాణ్ణి 'తీర్థం పుచ్చుకున్నాడు' అంటాం. ప్రపంచమంతా దీన్ని నీళ్ళ పేరుతోనే పిలుచుకుంది. నీళ్ళలాగే దీన్నీ కాలవ తవ్వి తమ వైపు మళ్ళించుకోవచ్చని రాజ్యాలు తొందరగానే కనిపెట్టాయి.

వోడ్కా 40 శాతం ఉండాలని మెండలీవ్ తేల్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. పీరియాడిక్ టేబుల్ మెండలీవే. ఆల్కహాలూ నీళ్ళూ కలవడం మీద 1865లో ఆయన డాక్టరేట్ సిద్ధాంతం రాసిన మాట నిజం. కానీ రష్యా ప్రభుత్వం 40 శాతం లెక్క పెట్టింది 1843లో. అప్పటికి ఆయన వయసు తొమ్మిదేళ్ళు. ఆ అంకె ప్రయోగశాలలో పుట్టింది కాదు. సర్కారుకి పన్ను లెక్క తేలిగ్గా తేలాలి, అందుకు పుట్టింది.

ఆ పన్ను వసూలు చేసిన పద్ధతి చదువుతుంటే నాకు రష్యా కాదు, నెల్లూరు జిల్లానే కనిపించింది. వోడ్కా అమ్మే హక్కుని ప్రాంతాలవారీగా సర్కారు వేలం వేసేది. పాట పాడుకున్న కంట్రాక్టరు సర్కారుకి కట్టాల్సింది కట్టి, మిగతాది ఊళ్ళ మీద రాబట్టుకునేవాడు. ధర పెంచేవాడు, నీళ్ళు కలిపేవాడు, అప్పు మీద పోసేవాడు. 1858, 59లలో రష్యా సామ్రాజ్యంలోని పల్లెలు ఎదురు తిరిగాయి. రైతులు ఊరంతా ఒకచోట చేరి, ఇక వోడ్కా ముట్టమని ఒట్టు వేసుకున్నారు. ఒట్టు తప్పినవాడికి ఊరే జరిమానా వేసేది. ఖజానా పెద్దలకి ఇది రాజద్రోహంలా కనిపించింది. జనం తాగనంటే సైన్యం నడవదు మరి! అలాంటి ఒట్లు చెల్లవన్నారు. 1859లో జనం సారాయి కొట్ల మీద పడ్డాక సైన్యాన్ని దించారు, చాలామందిని పట్టుకుపోయారు. తాగినందుకు కాదు, తాగం అన్నందుకు. చివరికి 1863లో వేలం పద్ధతి రద్దయి, దాని స్థానంలో ఎక్సైజు పన్ను వచ్చింది. 1890లలో ఆర్థికమంత్రి విట్టే వోడ్కా అమ్మకాన్ని మళ్ళీ సర్కారు గుత్తకి తెచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి రాజ్యం ఆదాయంలో నాలుగో వంతుకు పైగా వోడ్కా మీదే. 1914లో యుద్ధం రాగానే జారు చక్రవర్తి మద్యం నిషేధించాడు, ఖజానాకి పెద్ద చిల్లు పడింది. జారు పోయాడు, బోల్షెవిక్కులు వచ్చారు. నిషేధాన్ని కొన్నాళ్ళు కొనసాగించి, 1925లో వాళ్ళూ 40 శాతం వోడ్కా అమ్మకం మొదలుపెట్టారు. జెండా మారింది గానీ సీసా మారలేదు.

ఇదంతా రోజూ రాత్రి భోజనాలప్పుడు అమ్మకి చెప్పేవాణ్ణి. ఒకరోజు అడిగింది. "సరే, రష్యా సంగతి వదిలెయ్. నువ్వు ఉండే ఈ ఊరి సంగతేంది?"

ఈ ఊరి సంగతి రష్యాని మించింది. సిడ్నీ పుట్టిన తొలి రోజుల్లో ఇక్కడ వోడ్కా ఎరుగరు గానీ, బట్టీలో కాచిన ఏ మద్యాన్నైనా 'రమ్' అనే అనేవారు. 1788లో బ్రిటిషువాళ్ళు ఖైదీలను దించి వలస పెట్టినప్పుడు ఇక్కడ చెలామణికి సరిపడా నాణేలు లేవు. 1792 డిసెంబరులో మొదటి గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, పెత్తనం న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే సైనిక దళం చేతికి వచ్చింది. ఆ నెలలోనే 'హోప్' అనే అమెరికన్ ఓడ వచ్చింది. ఊళ్ళో తిండికి కటకటగా ఉంది. తిండి కావాలంటే ఓడలో ఉన్న ఏడున్నర వేల గ్యాలన్ల సారాయి కూడా కొనాల్సిందేనని కెప్టెన్ పట్టుబట్టాడు. అధికారులు రెండూ కొన్నారు. తర్వాత వచ్చే ఓడల సరుకునీ వాళ్ళే కలిసికట్టుగా కొని, లాభానికి అమ్ముకోవడం మరిగారు. కొన్నాళ్ళకి కూలీకి రమ్, గోధుమలకి రమ్, భూమికి రమ్. డబ్బు చేసే పనంతా సారాయే చేసింది.

ఆ రమ్‌లో కొంత ఎక్కడి నుంచి వచ్చేదో తెలుసా? కలకత్తా నుంచి. 1796 నవంబరులో 'సిడ్నీ కోవ్' అనే ఓడ కలకత్తాలో బయల్దేరింది. సరుకులో దాదాపు ఏడు వేల గ్యాలన్ల రమ్ ఉంది. పనివాళ్ళలో ఎక్కువమంది మన దేశపు లస్కర్లు. 1797 ఫిబ్రవరిలో ఓడ చిల్లుపడి, టాస్మేనియాకి ఉత్తరాన ఒక చిన్న దీవి దగ్గర ఇసుకకెక్కింది. నావికుల చేతికి అందకూడదని రమ్‌ని పక్కనే ఉన్న ఇంకో బుల్లి దీవికి చేర్చారు. దాన్ని ఇప్పటికీ రమ్ ఐలండ్ అనే అంటారు. సాయం కోసం 17 మంది పడవలో బయల్దేరితే అదీ ఇప్పటి విక్టోరియా ఒడ్డున బద్దలైంది. అక్కడ నుంచి సిడ్నీకి 600 కిలోమీటర్ల పైమాటే. ఆ 17 మందిలో 12 మంది లస్కర్లు. ఒడ్డు వెంట నడక మొదలుపెట్టారు. దారిలో ఆదివాసులు చాలాచోట్ల చేపలు పెట్టి, వాగులు దాటించారు, కొన్నిచోట్ల గొడవలూ అయ్యాయి. మే నెలలో సిడ్నీకి దక్షిణాన ఒక చేపల పడవ కంటపడేసరికి మిగిలింది ముగ్గురు. అందులో ఒక లస్కరు. ఆ 12 మందిలో మిగిలింది అతనొక్కడే. సిడ్నీ దాహం తీర్చడానికి బెంగాల్ నుంచి వచ్చి, ఎముకలు కొరికే చలిలో దారిపొడవునా రాలిపోయినవాళ్ళ కథ ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్న నాకే తెలియదు.

1806లో విలియం బ్లై గవర్నరుగా వచ్చాడు. బౌంటీ ఓడ మీద తిరుగుబాటు జరిగినప్పుడు కెప్టెన్‌గా ఉన్నది ఈయనే. 1807లో ఈయన సారాయితో సరుకు మార్పిడి చేయడాన్ని నిషేధించాడు. అధికారుల వ్యాపారాలకి ఈయన అడ్డం తగిలాడు, జాన్ మెకార్థర్‌తో కోర్టు తగాదా కూడా ముదిరింది. 1808 జనవరి 26న మేజర్ జార్జ్ జాన్‌స్టన్ నాయకత్వంలో సైనికులు గవర్నమెంట్ హౌస్ మీదికి నడిచి బ్లైని నిర్బంధించారు. దీనికే తర్వాత 'రమ్ తిరుగుబాటు' అని పేరొచ్చింది. అసలు కారణం రమ్ కాదు, భూములూ అధికారమూ అనే చరిత్రకారులూ ఉన్నారు. అందులోనూ నిజం ఉంది. ఏదైతేనేం, ఆస్ట్రేలియాలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది ఆ ఒక్కసారే.

మార్చిలో ఒక శనివారం అమ్మని మెక్వారీ స్ట్రీట్ తీసుకెళ్ళాను. బ్లై తర్వాత వచ్చిన గవర్నర్ మెక్వారీకి ఆసుపత్రి కావాలి, లండన్ డబ్బివ్వదు. 1810లో ముగ్గురు పెద్దమనుషులతో ఒప్పందం చేసుకున్నాడు. ఆసుపత్రి వాళ్ళు కడతారు, బదులుగా 45,000 గ్యాలన్ల రమ్ దిగుమతి చేసుకునే హక్కు వాళ్ళకిస్తాడు. 1816లో ఆసుపత్రి తయారైంది. జనం 'రమ్ హాస్పిటల్' అన్నారు. మధ్య భవనం పోయింది, రెండు పక్కలవీ ఉన్నాయి. ఒకటి పాత టంకశాల. రెండోదాంట్లో ఇవాళ న్యూ సౌత్ వేల్స్ పార్లమెంటు నడుస్తోంది.

ఆ స్తంభాల వరండా ముందు నిలబడి ఈ కథంతా చెబితే అమ్మ కొంచెంసేపు ఊరుకుని అంది. "సారా దుడ్లతో ఆసుపత్రి గట్టినారా. మన కాడ సారా తాగినోళ్ళంతా ఆసుపత్రికి బోయినారు."

సారాయిని డబ్బు స్థానంలోంచి దించడానికి తోడ్పడింది ఏమిటో చెబితే మాత్రం నవ్వింది. మెక్వారీ కోసం 1812లో 40,000 స్పానిష్ వెండి డాలర్లు ఓడలో వచ్చాయి. ఎక్కడ నుంచి? మద్రాసు నుంచి! ఆ నాణేలు బయటికి పోకుండా ఉండాలని, దొంగనాణేల కేసులో ఇక్కడికి చేరిన ఖైదీ విలియం హెన్షల్ చేత ఒక్కోదానికీ నడిమధ్య చిల్లు పొడిపించాడు. చుట్టూ ఉన్న ఉంగరం అయిదు షిల్లింగులు, మధ్య బిళ్ళ పదిహేను పెన్నీలు. 1813లో పుట్టిన ఈ 'హోలీ డాలర్'లే ఈ దేశపు మొదటి సొంత నాణేలు. "మా మేనత్తోళ్ళు ఉండింది మద్రాసులోనే," అంది అమ్మ, ఆ నాణేల్ని వాళ్ళే పంపినట్టు.

ఇక మన సంగతి. మాది కలిగిరి పక్కన చిన్న ఊరు. 1980లలో రాష్ట్ర ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. వారుణి అంటే మద్యానికి దేవత, వరుణుడి వైపు పేరు. ఇక్కడా నీళ్ళే! అమ్మకి అన్న ఒకాయన ఉండేవాడు. మా పెద్ద మామ. బావి కింద రెండెకరాల మాగాణి, జత ఎద్దులు. ముందు ఎద్దులు పోయాయి, తర్వాత మాగాణి, 1991లో ఆయనా పోయాడు. నాకు ఆయన ముఖం గుర్తులేదు. పొద్దున్నే ప్యాకెట్ మూల కొరుకుతున్న చప్పుడు మాత్రం గుర్తుంది.

అదే ఏడాది నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలై రాత్రిబడులు వచ్చాయి. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. తాగుడు వల్ల ఒక ఇల్లాలి బతుకు ఏమైందో అందులో ఉంటుంది. చదువుకునే ఆడవాళ్ళు అది మా కథే అన్నారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలిచింది, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. 1992లో ఆడవాళ్ళు చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా బళ్ళని పొలిమేరలోనే ఆపారు. నెల్లూరులో వేలంపాటలు జరగనివ్వలేదు. మా అమ్మ రాత్రిబడిలో సంతకం నేర్చుకుంది. ఆ తర్వాత మిగతా ఆడవాళ్ళతో కలిసి రామాలయం ముందు నిలబడి ఒట్టు వేసింది, మా ఇంట్లోకి సారా రానివ్వనని. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ నిషేధం మీద సంతకం పెట్టాడు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ప్రధాన కారణం రష్యాలో చూసిందే, ఖజానా.

ఆస్ట్రేలియా ఆడవాళ్ళు ఊరుకున్నారా అని అడిగింది అమ్మ. ఊరుకోలేదు. 1891లో విక్టోరియాలో ఓటుహక్కు కోసం దాదాపు 30,000 మంది స్త్రీల సంతకాలు ఇల్లిల్లూ తిరిగి సేకరించారు. అలా తిరిగినవాళ్ళలో మద్యవ్యతిరేక సంఘాల ఆడవాళ్ళు ముందున్నారు. 1916లో కొన్ని రాష్ట్రాల్లో సాయంత్రం ఆరుకే బార్లు మూసెయ్యాలన్నారు. దాంతో మగాళ్ళు అయిదింటికి ఆఫీసు వదిలి, గంటలో దొరికినంతా మింగి ఇంటికి చేరేవారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1955 దాకా ఇదే తంతు. సంతకంతో మొదలైన ఉద్యమాలు రెండు చోట్లా ఉన్నాయి, సారాయికి దారి వెతుక్కునే మగాళ్ళూ రెండు చోట్లా ఉన్నారు.

ఇంతకీ వోడ్కా వంటింట్లోకి ఎలా వచ్చింది? దానికి సొంత రుచి లేకపోవడమే దాని బలం. 1941లో లాస్ ఏంజలస్‌లో, అమ్ముడుపోని వోడ్కా ఉన్నవాడూ అమ్ముడుపోని అల్లం సోడా ఉన్నవాడూ కలిసి, నిమ్మరసం పిండి రాగి గ్లాసులో 'మాస్కో మ్యూల్' అమ్మారు. అక్కడ నుంచి అది దేంట్లో పోస్తే దాని రుచిలోకి మాయమయ్యే మద్యం అయింది. టొమాటో రసంలో పోస్తే బ్లడీ మేరీ, కాఫీలో పోస్తే ఎస్ప్రెసో మార్టినీ. వంటలోనూ అదే గుణం పనికొస్తుంది. నీళ్ళలో కరగని సువాసనలు ఆల్కహాలులో కరుగుతాయి. వెనిలా వాసన దిగేదీ, టొమాటో పాస్తాలో రెండు చెంచాలు పోస్తే ఘుమఘుమలు పైకి తేలేదీ అందుకే. చేపల వేపుడు పిండిలో నీళ్ళకి బదులు కొంచెం కలిపితే తొందరగా ఆవిరై కరకరలాడుతుంది. టాస్మేనియాలో గొర్రెపాల విరుగుడు తేటతో కాచిన వోడ్కాకి 2018లో ప్రపంచంలోనే మేటి అనే బహుమతి కూడా వచ్చింది.

వండితే ఆల్కహాలంతా ఎగిరిపోతుందనే మాట మాత్రం నిజం కాదు. అమెరికా వ్యవసాయశాఖ లెక్కల ప్రకారం అరగంట ఉడికితే మూడో వంతు పైన మిగులుతుంది, గంట ఉడికినా నాలుగో వంతు ఉంటుంది. మానేసినవాళ్ళు, మందు కలవనివి తినాలనుకునేవాళ్ళు వస్తే ముందే చెప్పడం మర్యాద.

సీసా వెల కూడా లెక్కేశాను. 700 మిల్లీలీటర్ల సీసా, 37.5 శాతం. అంటే అసలు ఆల్కహాలు 262 మిల్లీలీటర్లు. ఇక్కడ వోడ్కా లాంటి బట్టీ మద్యం మీద ఎక్సైజు, లీటరు ఆల్కహాలుకి వంద డాలర్ల పైనే. నేనిచ్చిన 42 డాలర్లలో, జీఎస్టీతో కలిపి ముప్పై దాకా సర్కారుదే. రష్యా జారు, సిడ్నీ మేజర్, మా ఊరి పాటదారు, అందరూ కూర్చున్న చోటే నా సీసాలోనూ ఎవరో కూర్చుని ఉన్నారు. కాకపోతే ఆ డబ్బుతో ఏం చేశారని నిలదీసే వీలు ఇక్కడ కొంచెం ఎక్కువ.

జూన్‌లో పుట్టినరోజు వచ్చింది. గరాజ్‌లోంచి సీసా తెచ్చాం, చిక్కటి బెల్లంపాకం రంగులో ఉంది. రెండు చెంచాలు పోసి మా ఆవిడ కేకు చేసింది. అమ్మ ముందు ముక్క పెట్టాను. "ఎంత ఉంటాదిరా ఇందులో?" అని అడిగింది. లెక్క చెప్పాను, ముక్కకి రెండు చుక్కలు కూడా ఉండదని. నువ్వు వేసుకునే హోమియో మందులోనూ ఉంటుందన్నాను. కొట్లో కొనే ఎసెన్స్‌లోనూ ఉంటుందన్నాను. అన్నీ విన్నది.

"నువ్వు చెప్పింది నిజమేలే నాయనా," అని ప్లేటు మనవరాలి వైపు జరిపింది. "నేను చుక్కలు లెక్కబెట్టి ఒట్టు వెయ్యలేదు గదా."

పాప రెండు ముక్కలూ తినేసింది. మిగిలిన ఎసెన్స్ సీసాని ఆ రాత్రే నేను మళ్ళీ గరాజ్‌లో పెట్టాను. అమ్మ ఊరికి వెళ్ళి నెలలు దాటింది. సీసా ఇంకా అక్కడే ఉంది.